కాలదోషం

అల్లిపురంలో ప్రెస్సు. పేజీకి పద్నాలుగు రూపాయలు.
ఎర్ర రీఫిలు నాది, కళ్లజోడు నాది,
తప్పులు మాత్రం ఊరందరివీ.

ఈసారి వచ్చిన కట్ట ఫిలోమినా గారిది.
మన్నారు పక్క పల్లెలో పుట్టి, రాత్రి పడవలో ఇటు దాటి,
రైల్వే ఫిట్టరుని చేసుకుని
జ్ఞానాపురంలో కుదురుకున్న మనిషి.
యాభై దగ్గర పడ్డాక, ఇక్కడ నేర్చుకున్న తెలుగులో
అక్కడి చిన్నతనం రాసుకుంది.

వాక్యం బాగానే బయల్దేరుతుంది:
"బడి గంట మోగింది. మేము వరసలో నిలబడ్డాము."
అంతలో ఏమవుతుందో,
"విమానం వస్తోంది. అమ్మ అన్నం గిన్నె మీద మూత పెడుతోంది."
కింది పేరాలో మళ్లీ మామూలే, "వాన వెలిసింది."

పాపం, పరాయి భాష కదా అనుకున్నాను.
వస్తోంది కొట్టేసి వచ్చింది,
పెడుతోంది కొట్టేసి పెట్టింది,
పరిగెడుతున్నాం కొట్టేసి పరిగెత్తాం.
మార్జిన్లో ఒకటే మాట, కాలదోషం.
నూట ముప్పైచోట్ల.

ఇంకొకటి కూడా పట్టుకున్నాను, కాస్త గర్వంగానే.
నలభయ్యో పేజీలో తమ్ముడు అమలన్‌కి ఏడేళ్లు.
నూట పన్నెండుకొచ్చేసరికి
ఆవిడకి పదమూడు నిండాయి, ఓణీ వచ్చింది,
నాలుగు ఊళ్లు మారాయి.
అమలన్‌కి ఏడేళ్లే.
"వయసు సరిచూడగలరు" అని రాసి
కింద రెండు గీతలు గీశాను.

సందేహాలన్నీ చీటీ మీద వేసుకుని
డిసెంబరు రెండున మధ్యాహ్నం వాళ్లింటికెళ్లాను.
చర్చి వెనక సందు, మెట్ల కింద కుట్టుమిషను.
"తినకుండా వెళ్తే కుదరదు" అంది.
వంజరం పులుసు. కొబ్బరిపాలు పోసిందట,
మా ఇళ్లల్లో పొయ్యరు.

వడ్డిస్తోంది.
బీచిలో నేవీ వాళ్ల రిహార్సలు.
సందు మీంచి ఒక జెట్టు
ఆకాశాన్ని తానుగుడ్డలా చించుకుంటూ పోయింది.
పక్క డాబా మీద పిల్లల కేరింతలు.
నేనూ కిటికీలోంచి తల పెట్టాను.
మా ఊళ్లో అదొక వేడుక,
మురీ మిక్చరు పొట్లం కట్టించుకుని మరీ చూస్తాం.

తల తిప్పేసరికి
అన్నం గిన్నె మీద మూత ఉంది.
మూత మీద ఆవిడ అరచెయ్యి ఉంది.
ఆడపడుచు కూతురి పెళ్లి సంగతేదో చెబుతూనే ఉంది,
మాట తెగలేదు, గొంతు వణకలేదు.
ఆ చెయ్యి నాకు తెలుసు.
ముప్పై ఎనిమిదో పేజీలో
నేను కొట్టేసిన చెయ్యి.

పైకప్పు వైపు ఒకసారి చూసి
"ఇది గట్టి శ్లాబేలెండి" అని నవ్వి, మూత తీసింది.

చీటీ జేబులోనే ఉండిపోయింది.
ముళ్లు ఏరుకుంటూ గోడలు వెతికాను.
మడు మాత పటం ఉంది,
క్రిస్మస్‌కి ముందే వేసిన సీరియల్ లైట్లున్నాయి.
పిల్లాడి ఫొటో ఏదీ లేదు.

ఆ రాత్రి కట్ట మళ్లీ విప్పాను.
మా పనిలో ఒక గుర్తుంది.
పొరపాటున కొట్టేసిన మాట కింద చుక్కలు పెడితే
ఉన్నది ఉన్నట్టు ఉంచమని.
వస్తోంది కింద చుక్కలు.
పెడుతోంది కింద చుక్కలు.
ప్రోనోటుకి మూడేళ్లకే కాలదోషం పడుతుంది,
మా నాన్న బాకీలు కొన్ని అలాగే వదిలాయి.
కొన్నిటికి పట్టదని
నాకెవరూ చెప్పలేదు.

హార్బరులో ఓడ కూసే వేళకి
నూట పన్నెండు దగ్గర ఆగాను.
ఎర్ర సిరా రబ్బరుకి లొంగదు.
బ్లేడుతో గీకాను, మెల్లిగా.
కాగితం పల్చబడి
అవతలి పేజీ అక్షరాలు కనబడ్డాయి గానీ
చిరగలేదు.
ఏడేళ్లు.

పొద్దున్న ప్రెస్సు ఓనరు తిరగేసి
"ఇన్ని చుక్కలేంటండీ, అసలు తప్పుల్లేవా?" అన్నాడు.
ఉందన్నాను, ఒకటి.
మూడో పేజీలో మన ఊరి పేరు.
విశాఖకి ఖ పడలేదు.