పదిహేడో నమూనా

పొద్దున ఏడింటికి
ముప్పయ్యేడు డిగ్రీల పెట్టె తలుపు తీస్తాను.
రాత్రంతా ఎవరు ఎక్కడిదాకా పాకారో
లెక్క చూడటం నా ఉద్యోగం.

చైనాగడ్డి మరిగించి పోసిన గాజుపళ్ళేలు.
వాటి మీద బంగారు రంగు బాక్టీరియా,
నిన్న సాయంత్రం నేనే అలికాను,
ముగ్గుకు ముందు వాకిలి అలికినంత శ్రద్ధగా.
నడుమ బొట్టుబిళ్ళంత కాగితపు చుక్క,
చుక్క మీద ఒక్క బొట్టు నూనె.
నూనెకి సత్తువుంటే చుట్టూ
ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ.
ఆ ఖాళీకి స్కేలు పెట్టి మిల్లీమీటర్లు రాస్తాను.
"లేనిదాన్ని కొలిస్తే జీతమిస్తారా మీ లిస్మోర్‌లో?"
అని మా పిన్ని కూతురు నవ్వుతుంది.
ఇస్తారు. పదిహేను రోజులకోసారి.

ఇరవై రెండు. ఇరవై నాలుగు. పంతొమ్మిది.
పదిహేడో నమూనా దగ్గర
ఎనిమిది.
అందులో కాగితమే ఆరు.
మిగిలింది గోటి అంచు.

సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
టీ చెట్టు నూనె అంటే
జాజికాయ, తడిసిన మట్టి, ఎక్కడో కొంచెం తారు.
ఇది వేరు.
ఇది నన్ను ముందే ఎరుగును.
ముక్కు దిబ్బడేసిన రాత్రి
మరిగే నీళ్ళలో నాలుగు చుక్కలు,
నెత్తి మీంచి దుప్పటి,
ఊపిరాడక లోపల అందర్నీ తిట్టుకుంటూ
ఏడేళ్ళ నేను.
నీలగిరి తైలం!
చెట్టు ఈ దేశానిది, పేరు మా కొండలది.
అత్తారింట ఇంటిపేరు మార్చుకున్న పిల్ల
పుట్టింటి వీధిలో ఎదురుపడి
నన్ను గుర్తుపట్టినట్టయింది.

మధ్యాహ్నం యంత్రం కొండలూ లోయలూ గీసి
అదే మాట చెప్పింది:
సినియోల్ నూటికి అరవై.
క్రిమిని పడగొట్టే టెర్పినెనాల్
రెండంటే రెండు.

ఫోన్లో చెప్పే కబురు కాదు.
కొరాకి దాటి, బంగావాల్బిన్ వాగు పక్కన
కోలిన్ ట్రెస్కాట్ బట్టీ దాకా కారేసుకుని వెళ్ళాను.
వరద ఊడ్చుకుపోయాక
ఎవరో చవగ్గా ఇచ్చిన విత్తనంతో
మళ్ళీ నాటిన పదెకరాలు. ఇది తొలి కోత.
ఆకు ఒకటే, తెల్లటి పూత ఒకటే,
పాత పంచాంగంలా పొరలు పొరలుగా
బెరడు ఊడటమూ ఒకటే.
గుణం దగ్గరికొచ్చేసరికి
ఎవరి గోత్రం వాళ్ళది.

"మీరెలా పసిగట్టలేదు?" అనబోయి ఆగాను.
నాలుగేళ్ళ కిందటి జ్వరం
పోతూ పోతూ ఆయన వాసనలన్నీ పట్టుకుపోయింది.
అంతకు ముందు
ఈ ఏటి ఒడ్డున అందరి బట్టీలకీ
ఆయన ముక్కే ప్రయోగశాల.

"ఎలా ఉంటుంది వాసన?" అనడిగాడు.
వాసన లేని మనిషికి వాసన ఏ మాటల్లో చెప్పాలి?
"జలుబు చేసిన పిల్ల దుప్పటిలా," అన్నాను.
ఆయన తలాడించాడు,
అర్థమైనట్టు కాదు, మర్యాదకి.

ఆవిరి గొట్టం బుస కొట్టి ఆగింది.
చెట్టేమీ మన పుండు కోసం నూనె కాయదు.
దాని ఆకు కొరికే పురుగు వేరు,
దాని భయాలు వేరు.
ఈ మడికి ఏ పురుగుతో పేచీనో
మేమెవరం అడగలేదు.
చంపితే మందు అన్నాం,
చంపకపోతే ఎనిమిది అని రాసుకున్నాం.
ఈ సంగతి ఆయనకి చెబుదామనుకున్నాను గానీ
బ్యాంకు కిస్తీ ఉన్న మనిషికి
తత్వం ఎందుకులే అనిపించింది.

డబ్బాలో వేలు ముంచి
ముక్కు కింద రాసుకున్నాడు కోలిన్.
కళ్ళు మూసి లోపలికంటా పీల్చాడు.
"ఏం రావట్లేదు."
ఇంకోసారి.
కళ్ళు తెరిచాడు, తడిగా.
"చల్లగా ఉంది కానీ. ఇక్కడిదాకా,"
అంటూ కనుబొమల నడుమ వేలు పెట్టి చూపించాడు,
సరిగ్గా కాగితపు చుక్క ఉండే చోట.

దాని చుట్టూ ఖాళీ ఎంత మేరో
చెప్పలేను.
స్కేలు ల్యాబ్‌లోనే ఉండిపోయింది.