రేసు నెల చిట్టీ

గుదైబియాల మా లాండ్రీకి
రేసు వస్తుందని ముందుగాల చెప్పేటియి దుప్పట్లు.
పోస్టర్లు గాదు, టీవీ గాదు,
మూడు హోటళ్ల తెల్లటి దుప్పట్లు
బుధవారం పొద్దుగాల వ్యాన్ల నుంచి దిగుతయి
పత్తి మార్కెట్ల బోరాల లెక్క.

మిగతా ఏడాదంతా
నలుగురి తోబులు, ఇద్దరి కోట్లు,
గంజి పెట్టుకుంట ఆవులిస్త.
సేటు హమీద్ ఫ్యాను బంద్ జేసి
కరెంటు బిల్లు మీద అరచెయ్యి ఆనించి కూసుంటడు.
గా వారం మాత్రం సేటు నవ్వుతడు.
బంగారు పన్ను కట్టించుకున్నడని
గప్పుడే తెలిసింది నాకు.

సౌదీ వంతెన మీద కార్లు చీమల బారు.
కుంజుమోన్ కడక్ చాయ్‌కి రెండో పొయ్యి పెడతడు.
టాక్సీ అబ్బాస్ సీట్లకు కొత్త తొడుగులు ఏపిస్తడు,
తోలు వాసనకు తనే తుమ్ముకుంట.
మా రూముల కొమురెల్లి
పెద్ద హోటల్ల గిన్నెలు తోమ రాత్రి డ్యూటీ పట్టిండు,
సగం కొరికిన కేకుల పేర్లు
పొద్దున మాకు ఒక్కొక్కటే అప్పజెప్తడు.

పేపర్ల ఏసిండ్రంట, దేశానికి ఇన్ని కోట్ల లాభమని.
కోటికెన్ని సున్నలో బుచ్చిలింగం ఏళ్ల మీద లెక్కవెట్టి
నడుమ దగ్గొచ్చి మరిచిపోయిండు.
నా లెక్క చిన్నది.
దుప్పటికి ఇరవై ఫిల్సులు ఎక్కువ,
నాలుగు రాత్రులు, పదిహేను వందల దుప్పట్లు,
ముప్పై దినార్లు.
మణికట్టు వాపు ఎనిమిది రోజులు,
అది పేపర్ల ఎయ్యలే.

జహ్రా టీచర్ సిత్రాల లెక్కలు చెప్తది.
రేసుకు పోయి, కార్లు గుద్దుకుంటే
పసుపు జెండా ఊపుతది.
జీతం లేదు, అన్నం పొట్లం, ఒక టోపీ.
మరెందుకమ్మా ఎండల, అంటే
వచ్చీరాని హిందీల అన్నది:
"బడిల నేను చెయ్యెత్తితే ముప్పై మంది కూడ ఆగరు.
ఆడ నేను చెయ్యెత్తితే
లోకంల అందరికన్న జోరుగ పోయేటోళ్లు నెమ్మదైతరు."
ఆమె నారింజ రంగు బట్టల జేబుల
నేరేడు పండంత రబ్బరు ఉండ దొరికింది,
టైరు కరిగి రోడ్డు మీద రాలిందంట.
ఉంచుకో అన్నది.
బిల్లులు ఎగిరిపోకుండ దాన్నే బరువు పెడుతున్న.

పదకొండేండ్లాయె, రేసు నేను చూడలే.
సఖీర్ మోత ఈడిదాంక రాదు.
మా డ్రయ్యర్ తిరిగినప్పుడు గోడ అదురుతది,
మాకు గదే.

ఇగ చిట్టీ ముచ్చట.
పది మందిమి, తలా ముప్పై, నెలకో పాట.
అవసరం ఉన్నోడు ఓడిపోయేది ఈడనే:
బిడ్డ ఆపరేషన్ అనుకుంట ఒకడు యాభై తగ్గించి ఎత్తుతడు,
అన్న బోరుబావి అనుకుంట ఇంకొకడు డెబ్బై.
రేసు నెలల పాట మొదలువెడితే
ఒకని మొకం ఒకడు చూసిండ్రు.
అందరి జేబుల్లో ఎంతో కొంత గలగల.
ఎవ్వడూ నోరు తెరువలే.

తలుపు కాడ సాయన్న లేసిండు.
కంపెనీ మూతవడి నాలుగు నెలలు,
ఆయన కిస్తులు కొమురెల్లి కడుతున్నడు.
"నూరు తగ్గించుకుంట" అన్నడు,
గొంతు తడి ఆరిపోయి.
బుచ్చిలింగం రిజిస్టర్ మూసిండు.
"పాట లేదు ఈ నెల. నిండు చిట్టీ ఎత్తుకో."

మూడు వందలు.
సాయన్న ఒకసారి లెక్కవెట్టిండు,
ఇంకోసారి నాతోని లెక్కవెట్టించిండు,
చాయ్ తాగిండు, గ్లాసు కడిగి బోర్లించిండు,
అటెన్క మెల్లగ అడిగిండు:
"గీ రేసు గెలిచింది ఎవలన్నా?"

పది మందిల ఒక్కనికి తెల్వదు.
జహ్రా టీచర్ బట్టలకొస్తె అడగాలె.