నూట అరవై ఒకటి

వాల్పరైసో కొండ మీద
ఎలెవుతేరియో పాత పోస్ట్‌మ్యాన్.
"ఇవాళ ఏ వారం?" అని డాక్టరమ్మ అడిగితే
కిటికీలోంచి ఓడరేవు వైపు చూశాడు,
అక్కడెవరైనా జవాబు అందిస్తారేమోనని.

మర్నాటి నుంచీ పొద్దున్నే మెట్లెక్కుతున్నాడు.
సంచీ లేదు. భుజం మాత్రం
అలవాటుగా ఎడమకే ఒరుగుతుంది.

ముప్ఫయ్యో మెట్టు దగ్గర ఆయాసం,
ఆయాసంతో పాటే ఓ పేరు:
ఒర్తెన్సియా. నీలం తలుపు. ఏటా ఒకే ఉత్తరం.
డెబ్భై దగ్గర, కుక్క కరిచిన సంగతి
ముందు పిక్కకి గుర్తొస్తుంది,
తర్వాతే ఆయనకి.

వెనకే నేను, ఆయన పెళ్లాన్ని,
మోకాళ్లని తిట్టుకుంటూ.

నా లెక్క నూట అరవై ఒకటి.
ఇవాళ నూట అరవై రెండన్నాడు.
దిద్దబోయి, కిందికి చూశాను.
దూరంగా మా గుమ్మం రాయి.
నలభై ఏళ్లుగా
దాన్ని నేనే లెక్కెయ్యలేదు.