మూడో భాగం

న్యాహురురు భూమి కచేరీలో
రెండో కిటికీ నాది.
ఒక్కో చెక్కకీ ఒక్కో పచ్చ అట్ట,
అట్ట మీద మూడు భాగాలు:
ఎంత నేల, ఎవరి నేల, ఎవరికి బాకీ నేల.
జనం మొదటి రెండూ చూసి
గొడుగు తెరుచుకుని వెళ్ళిపోతారు.

గతోని వెళ్ళలేదు.
ఓల్ కలావ్ సంతలో పాత కోట్లు అమ్మే మనిషి,
లోపలి జేబు తడిమి చూడకుండా ఏదీ కొనదు.
బయానా మాత్రం ముందే ఇచ్చేసింది,
రెండు లక్షల షిల్లింగులు.
వెనకాల ముతాహి.
అతని ఒంటి మీది కోటూ ఆమె అమ్మిందే.

"మట్టి నల్లగా ఉందిగా,
దుంప వేస్తే పిడికిలంత ఊరుతుంది,
ఇంకా సోదా ఏమిటి?" అన్నాడట.

అట్ట తిప్పాను.
మూడో భాగంలో నా చేతిరాతే.
నాలుగేళ్ళ కింద, పాల సంఘానికి కుదవ,
తొమ్మిది లక్షలు, ఆరు ఆవులు.
ఆవులు గాలికుంటుకి పోయాయి.
అక్షరాలకి ఏ రోగమూ రాదు.

ముతాహి నా కళ్ళలోకి చూశాడు,
పైకి చదవకు అని.
చదివాను.

"అయితే అమ్మకూడదా?" అంది గతోని.
అమ్మొచ్చమ్మా. ఎవరూ నమ్మరు గానీ, అమ్మొచ్చు.
సంఘం ఒప్పుకుంటూ కాగితం ఇవ్వాలి,
నీ డబ్బు ముందు వాళ్ళ గడప తొక్కాలి,
ఈ గీత మీద ఎర్ర సిరా పడాలి,
ఆ తర్వాతే నీ పేరు.
అడ్డదారిన కొన్నావా,
నేలతో పాటు వేలంపాట కూడా కొన్నట్టే.

అరుస్తుందనుకున్నాను.
ఫారం వెనక్కి తిప్పి
తీసివేత లెక్క వేసింది.
ధర పద్నాలుగు. బయానా రెండు.
వడ్డీతో బాకీ పదకొండూ అరవై వేలు.
మిగిలింది నలభై వేలు.
కాగితం అతని వైపు జరిపింది.

"ఇంతేనా" అన్నాడు ముతాహి,
ఆమెతో కాదు, నాతోనూ కాదు.
కోటు గుండీ ఒకటి పెట్టుకున్నాడు,
మళ్ళీ తీశాడు.

సంఘం ఒంటిగంటకి మూసేస్తారు.
ఇద్దరూ లేచారు.
నేను అట్టని బీరువాలో పెట్టలేదు,
ఎర్ర కలం మూత ఊడుతుందో లేదో చూసుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది,
కుదవ రోజున వేలికంటిన సిరాని
శాలువాకి తుడవకుండా
చెయ్యి దూరంగా పట్టుకుని నిలబడ్డ మనిషి.

"ముతాహీ, వైథేరాని కూడా తీసుకురా.
అమ్మకానికీ ఆమె ఒప్పుకోలు కావాలి."

గుమ్మం దగ్గర ఆగాడు.
గతోని అతని వైపు చూసింది.
"ఆమెకి తెలుసా?"

బయట వాన.