దారి ఖర్చు

మా జుమ్లాలో ఇళ్ళ కప్పులు బల్లపరుపు.
ఎండే చిక్కుళ్ళ పక్కన
ఆడవాళ్ళం కూర్చునేదీ అక్కడే.
ఎక్కడానికి మెట్లుండవు,
గాట్లు పెట్టిన ఒంటి దుంగ.
ఆరో నెల కడుపుతో జౌకలా
ఆ దుంగ ఎక్కి వచ్చిన రోజున
బొమ్మల పుస్తకం తెరిచాను.

నా చదువు రెండో తరగతి,
అందుకే సర్కారు నాకు బొమ్మలిచ్చింది.
మొదటి బొమ్మలో ఒకామె
నవ్వుతూ సూది వేయించుకుంటోంది.
నవ్వుతూ!
రెండో దాంట్లో ఐరన్ మాత్రలు,
తర్వాత ఆస్పత్రి మంచం,
నాలుగో దాంట్లో చేతినిండా నోట్లు.
అందరి కళ్ళూ నాలుగో బొమ్మ దగ్గరే ఆగుతాయి.
మొదటిసారి నావీ అక్కడే ఆగాయి.

"కాన్పుకొస్తే ఎదురు డబ్బిస్తారా?
ఊరికే ఎవరిస్తారే ధనసరా?
బిడ్డని రాయించుకుంటారేమో"
అంది కాసిరూపా, జౌకలా అత్త,
రాతి మీద అక్రోట్లు పగలగొడుతూ.

అది దారి ఖర్చు, అన్నాను.
మైదానం వాళ్ళకి కొంచెం,
గుట్టల వాళ్ళకి ఇంకొంచెం,
మనలాంటి కొండకొమ్ము వాళ్ళకి అందరికన్నా ఎక్కువ.
ఎంత ఎత్తున బతికితే
సర్కారు మనకంత బాకీ.
"అయితే పదండి, ఇంకో రెండు కొండలు పైకెళ్ళి
కాపురం పెడదాం" అంది రంగమతి.
ఆ నవ్వుల్లో అత్త
ఒక పప్పు కోడలి చేతిలో పెట్టింది.
సగం ఒప్పుకున్నట్టే.

మిగతా సగం పశువుల కొట్టం.
నా తొలి కాన్పు అందులోనే,
ఆవు ఊపిరి వెచ్చదనంలో.
గడ్డి కోసే కొడవలితోనే బొడ్డు కోసుకున్నాను.
ఏడో రోజుకి పిల్ల దవడ బిగుసుకుంది,
పాలు పెదవి మీదే నిలిచిపోయాయి.
ఈ బొమ్మ పుస్తకంలో లేదు.
పుస్తకం మూసి చెబుతాను.

నాలుగుసార్లు చూపించుకుంది జౌకలా.
నాలుగు ముద్రలు పడ్డ కార్డుని
ఎర్రబియ్యం గాదెలో దాచింది.

మాఘంలో, మంచు రాత్రి, నొప్పులు.
మొగుడు దేశం దాటి
ఎవరి బరువులో మోస్తున్నాడు.
ఇక్కడ ఇద్దరు మరుదులు వంతులేసుకుని
వీపు బుట్టలో ఆమెని మోశారు.
తీలా నది వంతెన దాటాం, తెల్లారింది.
ఆస్పత్రి రేకుల కప్పు కనిపించింది.
అంత దగ్గర!
ఆ మలుపులో బిడ్డ ఇక ఆగలేదు.
నా శాలువా పరిచాను,
కొంగులో ఎప్పుడూ ఉండే కొత్త బ్లేడు తీశాను.
ఆడపిల్ల. ఏడ్చింది.
తల్లి మాత్రం తెల్లబడిపోతోంది.

మాయ ఆస్పత్రిలో పడింది,
నెత్తురు ఆస్పత్రిలో ఆగింది.
నర్సు మోచేతుల దాకా ఎరుపు.

బల్ల అవతల మఫ్లర్ కుర్రాడు
చెడ్డవాడేం కాదు, మాకు టీ ఇప్పించాడు.
నాలుగు ముద్రల డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.
"కాన్పు ఇక్కడ కాలేదుగా దిదీ" అన్నాడు.
రిజిస్టర్ తిప్పి చూపించాడు:
ఇల్లు ఒక గడి, ఆస్పత్రి ఒక గడి,
దారికి గడి లేదు.
దారిలో పుట్టిన బిడ్డకి
దారి ఖర్చు రాదట.
సగమైనా రాయి బాబూ, అన్నాను,
సగం కాన్పు ఇక్కడేగా!
పాపం, ఎవరికో ఫోన్ చేశాడు.
అవతల ఎవరూ ఎత్తలేదు.
ముందు నవ్వింది జౌకలానే,
పొత్తికడుపు పట్టుకుని, నొప్పికి మొహం ముడిచి.

అర్జీ పెట్టాం. పిల్లకిప్పుడు పాకడం వచ్చింది.
ఆఫీసులో కాగితం ఇంకా బోర్లా పడలేదు.

పుస్తకంలో మూడో బొమ్మకి ముందు
బొగ్గుతో నేనో బొమ్మ గీశాను.
వంకరగా వచ్చింది, దారే కదా.
ఇప్పుడు అక్కడే ఎక్కువసేపు ఆగుతాను:
నొప్పులు రానివ్వకండి, పదిరోజుల ముందే దిగండి.
బజార్లో మా మేనత్త ఇల్లుంది,
కసురుతుంది గాని అన్నం పెడుతుంది.

"మరి డబ్బో?" అంటుంది ఏ కొత్త కోడలో.
నేను నోరు తెరిచేలోగా
మనవరాలిని చంకనెత్తుకున్న కాసిరూపా
"వస్తే ఉప్పు కొనుక్కో,
రాకపోతే దెబ్బలాడు,
ముందు నడు" అంటుంది.