స్థానిక అలజడి

ఈ గదిలో ఒక్క ఇనుప మేకు లేదు.
తలుపు బందులు ఇత్తడివి, గొళ్ళెం రాగిది,
రాయి కూడా పరీక్ష పాసయ్యాకే గోడ అయింది.
వరండాలోనే తాళంచెవులు, గడియారం,
పిన్నీసులు, జడపిన్నులు
ఒక్కొక్కటీ ప్లాస్టిక్ డబ్బాలో వేస్తాను.
ఇరవై రెండేళ్ళుగా రోజూ
ఇలా కొంచెం విప్పుకునే భూమి దగ్గరికి పోతున్నాను.

మా నాయన బాల్‌నర్సయ్య,
బాలానగర్ షెడ్లలో ముప్పై ఎనిమిదేళ్ళు వెల్డరు.
ప్లాస్మా అన్న మాట నేను పుస్తకంలో చూసేనాటికే
ఆయన దాన్ని రోజుకు ఎనిమిది గంటలు
చేతికొసన పట్టుకుని ఉన్నాడు.
రాత్రి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటే
అమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి రెప్పల మీద పెట్టేది.
చీకట్లో పడుకుని అనేవాడు:
"మంట గాదు బిడ్డా అది. మంటయితే ఊదితె ఆర్తది.
అది గాలే. గాలికి పిచ్చి లేస్తే గట్లయితది."

తర్వాత ఉస్మానియాలో రెండు సెమిస్టర్లు
అదే సంగతి సమీకరణాల్లో చెప్పారు:
పరమాణువు తన ఎలక్ట్రాన్లను పట్టుకోలేక వదిలేస్తుందని,
వదిలినవీ మిగిలినవీ ఒకదాన్నొకటి లాక్కుంటూనే ఉంటాయని,
సూర్యుడంతా అదేనని, చుక్కలూ అదేనని,
రాయీ నీరూ మనమూ
ఈ లోకంలో అరుదైన సరుకని.
నాయన మాట రాస్తే సున్నా మార్కులు.
తప్పని మాత్రం అనలేను.

మే నెల, శుక్రవారం రాత్రి.
సూర్యుడి మీంచి ఒక ముద్ద తెగి బయల్దేరిందని కబురు.
ఉప్పల్ వైపు చివరి మెట్రో వెళ్ళిపోయాక
(అది నడిచినంతసేపూ మా గీతకు చలిజ్వరం)
తెర ముందు కూర్చున్నాను.
ఎక్కడో ఉత్తరాన ఆకాశం ఎర్రబడుతోందట, పచ్చబడుతోందట.
హైదరాబాదుకు అంత భాగ్యం లేదు.
ఇక్కడ ఒక గీత కుంగుతుంది. అంతే.
మూడు వందల నానోటెస్లాలు.
రోడ్డవతల ఇరానీ హోటల్లో
ఆఖరి చాయ్ కప్పులు కడుగుతున్నారు.
దెబ్బ తగిలిందనీ తెలీదు ఎవరికీ,
ఎవరు అడ్డుపడ్డారో కూడా.

అడ్డుపడింది ఇనుము.
కాళ్ళకింద మూడు వేల కిలోమీటర్ల లోతున
కరిగి, సుడి తిరుగుతూ
భూమి చుట్టూ అయస్కాంతం అల్లే ఇనుము.
కుజుడి కడుపులో ఆ తిరుగుడు ఎప్పుడో ఆగిపోయింది.
వాడి గాలిని సూర్యుడు
కొద్దికొద్దిగా ఊడ్చుకుపోయాడు.

రిటైరయ్యాక ఒకసారి, సెలవునాడు,
నాయన్ను ఆ గదికి తీసుకెళ్ళాను.
బెల్టు తీశాడు, చిల్లర తీశాడు, చేతి కడెం తీశాడు,
"కట్టుపండ్లు గూడ తియ్యాల్నా?" అని నవ్వాడు.
గడప దగ్గర ఆగిపోయి కుడిచెయ్యి చూపించాడు.
బొటనవేలి మెత్తలో నల్లగా, ఆవగింజంత.
"ఇది ఎనభై తొమ్మిదిల ఇర్కింది. ఇది రాదు."
రమ్మన్నాను.
పరికరం ముందు చెయ్యి చాపాడు,
చలి కాచుకుంటున్నట్టు.
గీత కదిలిందా?
వెంట్రుకవాసి కదిలిందనే అనిపించింది నాకు.

అలాంటివాటిని మేం లెక్కలోంచి కొట్టేస్తాం.
పక్కన రాస్తాం: స్థానిక అలజడి.
ఆనాటి పట్టికలో ఆ ఒక్క నిమిషం
ఇంకా కొట్టకుండానే ఉంది.