ఇంతవరకే

పద్నాలుగేళ్లు ఒక్కడినే.
రాంకోఠీలో మూడో అంతస్తు, లిఫ్టు పక్కన
ఏసీ నీళ్లు బకెట్లోకి కారే గది.
మా ల్యాబు ఈమెయిల్ పెట్టెలన్నిటికీ
ఒకటే తాళంచెవి, అది నా దగ్గర.
మూసాపేటలో ఎవరు పాస్‌వర్డ్ మరిచినా,
కొత్తగా చేరిన పిల్లకి అడ్రసు కావాలన్నా,
మానేసి పోయినవాడి పెట్టె మూయాలన్నా
"వైకుంఠం సార్" అనాల్సిందే.
పెళ్లి విందులో కుడిచేతికి పప్పు అంటుకొని ఉండగానే
ఎడమ బొటనవేలితో ఎన్ని తలుపులు తీశానో.
విసుక్కునేవాణ్ణి.
అబద్ధం.
లోపలెక్కడో మీసం మెలేసుకునేవాణ్ణి.

ఆ ఏడు మూసీ పొంగి
మూసారాంబాగ్ వంతెన మీద నీళ్లు.
ఇవతల బస్సులో నేను, ఫోన్‌లో మూడు శాతం.
అవతల అంబర్‌పేటలో సిస్టర్ భూలక్ష్మి
మూడుసార్లు తప్పు కొట్టి
తన పెట్టె బయట తనే నిలబడిపోయింది.
డెంగీ రోజులు. నలభై రెండు రిపోర్టులు లోపల.
ప్లేట్‌లెట్ల లెక్క కోసం వచ్చిన ఒక తండ్రి
కౌంటర్ అద్దం మీద వేళ్లతో దరువేస్తూనే ఉన్నాడట,
కోపంతో కాదు,
చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక.
నా ఫోన్ ఆరిపోయింది.
తాళంచెవి నాతో పాటే కిటికీ పక్కన కూర్చుని
వరద చూసింది.

మర్నాడు పెత్తనాన్ని ముక్కలు కోశాను.
తెర నిండా చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడికీ ఒక టిక్కు,
ఒక్కో టిక్కుకీ నాలో ఒక చిన్న మూలుగు.
నుస్రత్ పాస్‌వర్డ్ మార్చొచ్చు. ఎవరి ఉత్తరమూ తెరవలేదు.
హెచ్ఆర్ సంగయ్య కొత్త పెట్టె పెట్టొచ్చు,
పాతది తీసేయలేడు.
"గింతేనా సార్?" అన్నాడు సంగయ్య.
"గింతే."
నమ్మకం లేదా అని మాత్రం అడగలేదు.
అడిగితే చెప్పేవాణ్ణి:
ఊరెళ్తూ పక్కింటికి తాళమిస్తాం, మొక్కలకి నీళ్లు పోయమని.
బీరువా తాళం ఇవ్వం.
వాళ్లు దొంగలని కాదు;
రేపేదైనా కనపడకపోతే
వాళ్ల ముఖం వైపు మన చూపు పోకుండా.

పెద్ద తాళాన్ని కవర్లో పెట్టి, లక్క వేసి
డైరెక్టరమ్మ బీరువాలో దాచాం.
రోజువారీకి ఇక నేనూ మామూలువాణ్ణే.
నుస్రత్‌కి ఒక్క నియమం చెప్పాను, పుస్తకంలో రాసుకుంది:
గొంతు గుర్తుపట్టి తలుపు తీయకు.
నంబరడుగు, చేరిన తేదీ అడుగు, ఎవరైనా సరే.

రాత్రుళ్లు ఫోన్ మోగడం మానేసింది.
మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు.
లేచి చిట్టా తెరిచి చూసేవాణ్ణి, దొంగలా:
నుస్రత్, తొమ్మిదీ పన్నెండు. నుస్రత్, తొమ్మిదీ నలభై.
సంగయ్య, పదకొండు దాటి ఐదు.
ఒక్క తప్పూ లేదు.
అదే కొంచెం గుచ్చుకుంది.

మొన్న కంటి ఆపరేషన్ సెలవు ముగిసి
నల్లద్దాలతో వచ్చి కూర్చున్నాను.
మూడుసార్లు కొట్టాను. తలుపు మూసుకుంది.
"నుస్రత్, నేను."
"చెప్పుండ్రి సార్. ఎంప్లాయీ నంబర్?"
"అరె, నేనమ్మా, వైకుంఠాన్ని."
అటువైపు ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు.
"గొంతు గుర్తువట్టిన సార్. గందుకే అడుగుతున్న."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు.
ఇక్కడ వరమిచ్చిందీ నేనే,
గుడి మెట్ల మీద నిలబడిందీ నేనే.

ఐడీ కార్డు మీద అంకెలు అరిగిపోయాయి.
నల్లద్దాలు తీసి, కంటికి ఆనించుకుని
ఒక్కొక్కటే చదివాను.
సున్నా. సున్నా. మూడు. ఒకటి.
"చేరిన తేదీ?"
"జూన్ల," అన్నాను, "వాన పడుతుండె."
"తేదీ, సార్."